వైజాగ్ డబుల్ డెక్కర్ బస్సు: మోకాళ్ల నొప్పుల అత్తమ్మతో ఎన్నిచోట్ల దిగొచ్చు?

హనంకొండ_పిల్ల
గురువారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. వచ్చే శుక్రవారం మేం వైజాగ్ పోతున్నం. మేమిద్దరం, పిల్లలిద్దరు (ఒకరికి పదేళ్లు, ఒకరికి ఆరు), మా అత్తమ్మ. గోదావరి ఎక్స్‌ప్రెస్‌ల వరంగల్‌ల ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్‌ల ఉంటం. శనివారం రాత్రి మళ్లీ బండి. అంటే చేతిల ఉన్నయి రెండు పగళ్లు.

కారు మాట్లాడుకుందాం అని మా ఆయన. నాకేమో బీచ్ రోడ్డు మీద తిరిగే ఆ డబుల్ డెక్కర్ బస్సు మీద మనసు పడ్డది. ఒక్క టికెట్‌తోని ఎక్కడంటే అక్కడ దిగి, చూసినంతసేపు చూసి, వెనక వచ్చే బస్సు ఎక్కొచ్చంట కద. కానీ అత్తమ్మకు మోకాళ్లు నొప్పులు. ఇంట్ల రెండు మెట్లెక్కాల్నంటేనే గోడ పట్టుకుంటది. దిగుడు ఎక్కుడు, దిగుడు ఎక్కుడు అంటే ఆమెతోని అయితదా? అన్ని స్టాపుల్ల దిగకుంటె డబ్బులు దండగ అయితయా? ఎక్కినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పండి.

వాల్తేరు_వాసి
గురువారం, రాత్రి 9:50

అమ్మా, నేను పెదవాల్తేరులో ముప్పై ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను. ఈ బస్సులు 2025 ఆగస్టు 29న ముఖ్యమంత్రి జెండా ఊపితే మొదలయ్యాయి. కరెంటు బండ్లు. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా, సుమారు 16 కిలోమీటర్లు. టికెట్ 500 అని పెట్టారు గానీ అందులో సగం ప్రభుత్వం భరిస్తుందని ఆ రోజే ప్రకటించారు, కాబట్టి మనం ఇచ్చేది 250. తీసుకున్న దగ్గర్నుంచి 24 గంటలు చెల్లుతుంది.

ఈ 24 గంటల మాట చాలామంది పట్టించుకోరు. పొద్దున్నే తొమ్మిదింటికి టికెట్ తీసుకుంటారు. పన్నెండు దాకా ఎండలో తిరుగుతారు. రెండింటికల్లా నీరసపడి హోటల్‌కి పోయి పడుకుంటారు. మీరు అలా చేయకండి. శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక ఎక్కండి. అప్పుడు శనివారం మధ్యాహ్నం దాకా అదే టికెట్. ఒకే 250లో ఒక సాయంత్రం, ఒక ఉదయం వస్తాయి. మన సముద్రం తూర్పున ఉంది కదా, సాయంత్రం అయ్యేసరికి ఎండ కొండల వెనక్కి పోతుంది, బీచ్ రోడ్డు చల్లబడుతుంది. సూర్యోదయమే ఇక్కడ సముద్రంలోంచి. అస్తమయం సముద్రంలో చూడాలని వచ్చి కూర్చునేవాళ్లను ఏటా చూస్తూనే ఉంటాను, వాళ్లకి ఏం చెప్పమంటారు!

లెక్కల_మాస్టారు
గురువారం, రాత్రి 10:05

పెద్దవాళ్లు ముగ్గురు అంటే 750 రూపాయలు. రుషికొండ మీదుగా భీమిలి దాకా 900కె సిటీ బస్సు మామూలు టికెట్‌కే పోతుంది. కైలాసగిరి పైకి 10కె ఉంది. పైగా ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సులు ఉచితం. ఒకే రోడ్డు, ఒకే సముద్రం. పై అంతస్తులో కూర్చుంటే సముద్రం ఏమన్నా నీలం ఎక్కువవుతుందా?

హనంకొండ_పిల్ల
గురువారం, రాత్రి 10:11

మాస్టారూ, ఆ ఉచితం మాకెక్కడ వస్తది. మా ఆధార్ కార్డులు తెలంగాణవి. మాకు ఉచితం మా ఊర్లనే 🙂

లెక్కల_మాస్టారు
గురువారం, రాత్రి 10:14

అది మర్చిపోయాను. లెక్క మళ్లీ వేస్తాను.

జోడుగుళ్ల_బుల్లోడు
గురువారం, రాత్రి 10:40

మాస్టారూ, అలగ కాదండీ. నేను 900కె లోనే కాలేజీకి ఎల్లినోణ్ని. సాయంత్రం ఆ బస్సులో చంటిపిల్లతో, ముసలమ్మతో ఎక్కి సముద్రం చూద్దామంటే ఏటి కనిపిస్తాది? ముందు నించున్నోడి వీపు కనిపిస్తాది. భీమిలి ఎల్లాలంటే అదే దిక్కు, కాదనను. ఈ డబుల్ డెక్కరు తొట్లకొండ కాడ ఆగిపోతాది. ఎర్రమట్టి దిబ్బలకి, భీమిలికి మళ్లీ వేరే బండి చూసుకోవాల.

అక్కా, నాదొక ముక్క. ఎల్లేటప్పుడు కుడివైపు సీటు పట్టండి, వచ్చేటప్పుడు ఎడమవైపు. ఎల్లేటప్పుడు బస్సు కొండవైపు లైన్లో ఉంటాది, సముద్రానికి మనకి మధ్యన ఎదురొచ్చే బళ్లన్నీ అడ్డం. వచ్చేటప్పుడు సముద్రం వైపు లైన్లో వస్తాది. అప్పుడే అసలు మజా. ఎల్లేటప్పుడు కుడిపక్క సీటు దొరకలేదని మీ గుంటలు ఏడిస్తే ఏం బెంగ పెట్టుకోకండి.

ఓడలోడు
శుక్రవారం, ఉదయం 6:30

బుల్లోడు చెప్పింది బంగారం లాంటి మాట. దాన్నే ఇంకొంచెం సాగదీస్తాను.

నాది వైజాగే. సరుకు ఓడల్లో ఇంజినీరుని. రేవులో ఓడ ఆగితే మాకు బయట తిరగడానికి దొరికేది ఆరేడు గంటలు, అది కూడా దొరికితే. అందుకని ఏ ఊళ్లో దిగినా ముందు ఈ ఎక్కి-దిగే బస్సు ఎక్కడుందా అని వెతుకుతాను. బార్సిలోనా, లిస్బన్, కేప్‌టౌన్ నేను చూసింది ఆ పై అంతస్తు నుంచే. నా పద్ధతి ఒకటే. మొదటి చుట్టు ఎక్కడా దిగను. మొత్తం తిరిగి, ఏది దిగి చూడాలో, ఏది పైనుంచి చూస్తే సరిపోతుందో తేల్చుకున్నాకే రెండో చుట్టులో దిగుతాను.

ఒకసారి కేప్‌టౌన్‌లో ఆ పద్ధతి తప్పాను. అక్కడ టేబుల్ మౌంటెన్ అని 1,085 మీటర్ల కొండ ఉంది, పైన బల్లలా చదును. పైకి తీగబండిలో పోవాలి, ఎక్కుతున్నంతసేపూ దాని నేల మన కాళ్లకింద గుండ్రంగా తిరుగుతుంది, నాలుగు దిక్కులూ అందరికీ కనిపించాలని. దానికోసమే బస్సు దిగాను. గాలి ఎక్కువైతే ఆ తీగబండి ఆపేస్తారు. కొండ మీద తెల్లటి మేఘం దుప్పటి పరిచినట్టు కిందికి జారుతోంది, చూడ్డానికి ఎంతో బాగుంది, కానీ ఆ దుప్పటి కనిపించిందంటే గాలి ఉన్నట్టే. ఓడల్లో బతికేవాణ్ని, నాకు తెలియొద్దూ? గంటన్నర అక్కడే నిలబడి చూసి, చివరికి ఇంకో బస్సెక్కి కొండకి అవతలి పక్క సముద్రం చూసి ఓడకి పరిగెత్తాను.

వైజాగ్ సంగతికొస్తే, మిగతా ఊళ్లలో ఈ బస్సులు గుండ్రంగా తిరుగుతాయి. మనది గుండ్రం కాదు, పోయి వచ్చే దారి. ఒక్క స్టాపు తప్పిపోతే కొంప మునగదు, తిరుగుదారిలో అదే మళ్లీ వస్తుంది. కాబట్టి రోడ్డు దాటే పని లేకుండా చేసుకోండి. కొండవైపు ఉన్నవి పోయేటప్పుడు దిగండి: టీయూ-142 విమానం, కైలాసగిరి తీగబండి, తొట్లకొండ. సముద్రం వైపు ఉన్నవి వచ్చేటప్పుడు దిగండి: రుషికొండ బీచ్, తెన్నేటి పార్కు, కుర్సురా సబ్‌మెరైన్. సాయంత్రం ఆ రోడ్డు మీద మోకాళ్ల నొప్పులున్న మనిషిని, పిల్లల్ని పట్టుకుని అటునుంచి ఇటు దాటడం ఎంత పనో వైజాగ్ వాళ్లకి చెప్పనక్కర్లేదు.

వాల్తేరు_వాసి
శుక్రవారం, ఉదయం 7:15

ముప్పై ఎనిమిదేళ్లలో నాకు తట్టలేదు ఈ ఎడమ కుడి లెక్క. ఇవాళ వాకింగ్‌లో మా బృందానికి చెప్పి గొప్ప కొట్టేశాను.

ఫ్రీమాంట్_అమ్మ
శుక్రవారం, ఉదయం 10:20

మాది నెల్లూరు, ఉండేది అమెరికాలో కాలిఫోర్నియా. మా ఇంటికి ఊరి నుంచి ఎవరొచ్చినా రెండో వారంలో శాన్‌ఫ్రాన్సిస్కో బస్సు తప్పనిసరి. మా అత్తగారు, మామగారు వచ్చింది జూలైలో. ఎండాకాలమే కదా అని అత్తగారు వెంకటగిరి నేత చీర కట్టుకుని పై అంతస్తులో ముందు వరసలో కూర్చున్నారు. ఆ ఊళ్లో జూలై అంటే పసిఫిక్ మీదినుంచి పొగమంచు లోపలికి వచ్చే నెల. బస్సు గోల్డెన్ గేట్ వంతెన మీదికి ఎక్కేసరికి ఆవిడ పళ్లు టకటకమంటున్నాయి. వంతెన ఎక్కడుందమ్మా అని మామగారు అడుగుతున్నారు, మేం దాని మీదే ఉన్నాం, మంచులో ఎర్ర స్తంభాల అడుగులు తప్ప ఏమీ కనిపించట్లేదు.

తిరిగొచ్చి దుకాణంలో ఊరి పేరు రాసిన దళసరి స్వెట్టర్లు రెండు కొన్నాం. అక్కడ ఎండాకాలంలో ఆ స్వెట్టరు వేసుకున్నవాళ్లందరూ మా బాపతే. నెల్లూరులో అది ఎవరూ వేసుకోలేరు, బీరువాలో ఉంది.

హనంకొండ గారూ, వైజాగ్‌లో చలి ఉండదులెండి. కానీ పెద్దావిడకి చెవులకి కట్టుకోడానికి ఓ స్కార్ఫ్ పెట్టుకోండి. సముద్రపు గాలి గంటసేపు చెవిలో కొడితే రాత్రి తలనొప్పి ఖాయం. ఇంకోటి, ఇక్కడి బస్సులో చెవికి తగిలించుకునే తీగ ఇస్తారు, పది భాషల్లో ఊరి గురించి చెప్తుంది. తెలుగు లేదు. మామగారికి నేనే పక్కన కూర్చుని చెప్పాల్సొచ్చింది, సగం కల్పించి.

హనంకొండ_పిల్ల
శుక్రవారం, మధ్యాహ్నం 1:30

అయ్యో, వైజాగ్‌ల మా పిల్లలకు ఎవరు చెప్తరు మరి? పెద్దోడు సబ్‌మెరైన్ ఎట్ల మునుగుతది, ఎట్ల తేల్తది అని ఇప్పట్నుంచే తలకాయ తింటున్నడు.

పాతరాయి
శుక్రవారం, రాత్రి 8:45

నన్ను ఇలా ఎవరైనా అడిగితే బాగుండునని ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. ఫోన్లో దాచుకోండి, బస్సు కదిలాక వరసగా చదివి వినిపించండి.

ఆర్కే బీచ్ అంటే రామకృష్ణా బీచ్. పక్కనే ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల ఆ పేరు. అక్కడినుంచి వెనక్కి, దక్షిణంగా చూస్తే సముద్రంలోకి ముక్కు చాచినట్టు ఒక కొండ కనిపిస్తుంది. అదే డాల్ఫిన్ ముక్కు. రేవుకి గాలివానల నుంచి కాపు ఆ కొండే. బస్సు అటు పోదు, కాబట్టి బయల్దేరకముందే చూపించండి.

తర్వాత కుర్సురా. సోవియట్ దేశంలో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో విరమించింది. 91 మీటర్ల ఇనుప చేపని ఒడ్డుకి లాగి 2002లో మ్యూజియం చేశారు. పెద్దోడికి జవాబు ఇది: సబ్‌మెరైన్ ఒంటి చుట్టూ తొట్లు ఉంటాయి. వాటిలోకి సముద్రపు నీరు వదిలితే బరువెక్కి మునుగుతుంది. గాలిని గట్టిగా నొక్కి సీసాల్లో దాచి ఉంచుతారు. ఆ గాలిని తొట్లలోకి వదిలితే నీరు బయటికి పోయి తేలుతుంది. మూత పెట్టిన ఖాళీ సీసా, నీళ్లు నింపిన సీసా బకెట్లో వేసి చూపించండి చాలు. లోపల దారి చూపేవాళ్లు నౌకాదళంలో పనిచేసి విరమించినవాళ్లు, వాళ్లని అడిగితే ఇంకా బాగా చెప్తారు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8:30 వరకు. సోమవారం సెలవు.

దానికి ఎదురుగా రోడ్డవతల టీయూ-142. ఇది కూడా రష్యా సరుకే, సముద్రం మీద ఎగురుతూ సబ్‌మెరైన్లని వేటాడే విమానం. 29 ఏళ్లు పనిచేసి 2017లో ఆగింది. వేటగాడు, వేట రోడ్డుకి అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చున్నట్టన్నమాట.

అక్కడే సముద్రం వైపు, యుద్ధ స్మారకం. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగింది. లోపలున్నవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. ఎలా మునిగిందన్న దానిమీద రెండు దేశాలూ ఇప్పటికీ చెరో మాట చెప్తాయి. అది ఇంకా ఆ నీళ్ల అడుగునే ఉంది. బస్సులోంచి కనిపించేదేమీ లేదు, ఊరికే సముద్రం. కానీ అది తెలిశాక ఆ సముద్రం వేరేగా కనిపిస్తుంది, నాకైతే.

లాసన్స్ బే, అప్పుఘర్ దాటాక ఎడమ పక్క కొండ కైలాసగిరి. పైన తెల్లటి శివపార్వతుల విగ్రహాలు. కింద తెన్నేటి పార్కు దగ్గరే 2020 అక్టోబరులో గాలికి లంగరు తెగి బంగ్లాదేశ్ ఓడ ఒకటి రాళ్లమీదికి కొట్టుకొచ్చింది. ఊరు ఊరంతా సెల్ఫీలకి అక్కడే.

రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకి ఇచ్చేది. పిల్లలు తడవాలంటే అక్కడే. ఆర్కే బీచ్‌లో మాత్రం మోకాలి లోతు కూడా వద్దు. అక్కడ కెరటం లాగే లాగుడు పైకి కనిపించదు. ఏటా ప్రాణాలు పోతున్నాయి.

ఇక చివరిది, నా మనసుకి దగ్గరిది, తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. కొండమీద నీటి ఊట లేదు, వానాకాలం నీటిని ఏడాదంతా దాచుకున్నారు. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. నౌకాదళం స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే 1970ల్లో బయటపడింది, 1988 నుంచి 1992 దాకా తవ్వారు. స్తూపాలు, భోజనశాల, భిక్షువుల గదులు 72, శాతవాహనుల నాణేలు, వాటితోపాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. పైన నిలబడి సముద్రం చూస్తే, రోమన్ నాణెం ఈ కొండమీదికి ఏ దారిన వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. సముద్రంలో ఓడవాళ్లకి కనిపించే ఎత్తు, ఓడలు భిక్షువులకి కనిపించే ఎత్తు. పక్కనున్న కొండ బావికొండ. అక్కడ తొట్లు కాదు, బావులు.

లెక్కల_మాస్టారు
శుక్రవారం, రాత్రి 9:20

పాతరాయి గారు బస్సెక్కి ఇదంతా చెప్తానంటే 500 కూడా ఇస్తాను.

జోడుగుళ్ల_బుల్లోడు
శుక్రవారం, రాత్రి 9:31

గాలికి కొట్టుకొచ్చిన ఆ ఓడని మా పేటకాడ నుంచి రోజూ చూసేవోళ్లం. మా నాన్న సముద్రం మీద వేటకెల్లే మనిషి. ఆ రాత్రి గాలి చూసి ఇవాళ ఏదో ఒకటి ఒడ్డుకొస్తాది అన్నాడు. ఆయన అనుకున్నది తెప్ప. వచ్చింది ఓడ.

అక్కా, తొట్లకొండకి కింద రోడ్డు మీదినుంచి పైకి చాలా ఎక్కాల. ఎండెక్కాక అత్తమ్మ గారిని తీసుకెల్లకండి. శనివారం పొద్దున్నే బేగి ఎల్లిపోండి. చివరి బస్సు ఎప్పుడో ఎక్కేటప్పుడే అడిగి పెట్టుకోండి. టైములు ఒక్కో సీజన్‌కి ఒక్కోలా మారతాయి.

వాల్తేరు_వాసి
శుక్రవారం, రాత్రి 10:02

సరే, నా సలహా. శుక్రవారం పొద్దున పెద్దావిడకి సింహాచలం దర్శనం. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, అక్షయ తృతీయ నాడు తప్ప నిజరూపం కనిపించదు, అది ఆవిడకి ముందే చెప్పండి. భోజనం, ఓ కునుకు. రెండున్నరకి బస్సు. మొదటిసారి ఓడలోడు అన్నట్టు ఎక్కడా దిగకుండా చివరిదాకా పోయి వెనక్కి రండి, సబ్‌మెరైన్ దగ్గర దిగండి. లోపల దారి ఇరుకు, ఎక్కి దిగే మెట్లున్నాయి, అత్తగారు బయట బల్లమీద కూర్చుంటే మంచిది. శనివారం ఉదయం రుషికొండ, ఓపికుంటే తొట్లకొండ. కైలాసగిరి వదిలేయండి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు.

అత్తగారిని కింది అంతస్తులోనే కూర్చోబెట్టండి. డబుల్ డెక్కర్ లోపలి మెట్లు ఎప్పుడూ ఇరుకే. మా చెల్లెలు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు చార్మినార్ దగ్గర పాత డబుల్ డెక్కర్ మెట్లమీద జారి పడింది, నలభై ఏళ్ల కిందటి మాట. ఇప్పటికీ చెప్తుంది.

హనంకొండ_పిల్ల
శుక్రవారం, రాత్రి 10:20

అందరికీ శానా థాంక్స్. మొత్తం పేపర్ మీద రాసుకున్న. మా ఆయనకు చూపిస్తే, ఎడమ కుడి లెక్క చూసి కారు మాట మానేసిండు. పోయొచ్చి రాస్త.

(తొమ్మిది రోజుల తర్వాత)

హనంకొండ_పిల్ల
ఆదివారం, సాయంత్రం 5:05

పోయొచ్చినం. రాయకపోతే మీరు ఊరుకునేటట్టు లేరు, నాకు అప్పుడే నాలుగు మెసేజిలు వచ్చినయి.

సింహాచలం అయింది, మంచిగ అయింది. మధ్యాహ్నం బీచ్ కాడికి వచ్చి టికెట్లు తీసుకునేసరికి 2:40. మా ఆయన ఆ టైము ఫోన్‌ల అలారం పెట్టిండు, రేపు 2:40 దాకా ఒక్క నిమిషం పోవద్దని.

బస్సు వచ్చి ఆగంగనే నేను అత్తమ్మను కింద సీట్ల కూసోబెట్టబోయిన. పిల్లలిద్దరు అప్పటికే పైకి ఉరికిన్రు. అత్తమ్మ మెట్ల కాడ నిలబడి పైకి చూసింది. నా సంచి పట్టుకోవే అన్నది. ఒక చెయ్యి కడ్డీ మీద, ఒక చెయ్యి మోకాలు మీద. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలు పెట్టి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఇంకో మెట్టు. వెనక ఒక కుటుంబం ఆగి నిలబడ్డది, నాకు సిగ్గయింది, అత్తమ్మ కింద కూసుందాం అన్న. ఆమె వెనక్కి తిరగనన్న తిరగలే. పైకి ఎక్కి, కుడివైపు ముందు సీట్ల కూసుని, కొంగు తలకు చుట్టుకుని, చెవుల కింద ముడి వేసుకున్నది. ఫ్రీమాంట్ అక్కా, నేను తెచ్చిన స్కార్ఫ్ సంచిల్నే ఉన్నది.

పాతరాయి గారు రాసింది నేను చదువుతుంటె మా పెద్దోడు వింటున్నడు, మా వెనక సీటోళ్లు గూడ వంగి వింటున్నరు. ఘాజీ కాడికి వచ్చేసరికి ఎవ్వరు మాట్లాడలే. తర్వాత మా చిన్నది అడిగింది, అమ్మా, వాళ్లు ఇంకా లోపల్నే ఉన్నరా అని. దానికి ఏం చెప్పాల్నో రాసి ఉంటే బాగుండు.

తిరిగి వచ్చేటప్పుడు సబ్‌మెరైన్ కాడ దిగుదాం అని లేసినం. అత్తమ్మ లేవలే. మీరు పోయి రాండ్రి, నేను ఇట్లనే కూసుంట అన్నది. ఎట్లత్తమ్మా, బస్సు వెళ్లిపోతది కద అంటె, "పోతే ఏమాయె, మళ్ల ఇటే వస్తది కద. టికెట్ రేపటి దాక ఉన్నదంటిరి!" అన్నది. ఆమెను ఒక్కదాన్ని వదలలేక మా ఆయన ఆమెతోనే కూసున్నడు. నేను పిల్లలను తీసుకుని కుర్సురా లోపలికి పోయిన. లోపల దారి చూపే పెద్దాయనను మావోడు తొట్ల సంగతి అడిగితే ఆయన మురిసిపోయి పది నిమిషాలు వానికే చెప్పిండు. బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడి, మా బస్సు ఎప్పుడొస్తదా అని చూసుడు. వచ్చింది. పైన ముందు సీట్ల తలకు కొంగు కట్టుకుని కూసున్న మనిషి కింద మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది, పల్లెల బతుకమ్మ కాడ చుట్టాలు కనిపిస్తె ఊపినట్టు.

శనివారం పొద్దున రుషికొండల దిగినం. మా ఆయన పిల్లలతోని నీళ్లల్లకు దిగిండు, టికెట్లు అంగి జేబుల ఉన్నయని యాదికి వచ్చేసరికి నడుము దాక తడిసిండు. ముద్దయిన కాయితం విప్పదీసి ఎండకు ఒక బండ మీద ఆరబెట్టినం, నాలుగు గులకరాళ్లు బరువు పెట్టి. ఒకదాని మీద అంకెలు సగమే మిగిలినయి. కండక్టర్ దాన్ని చూసిండు, మా ఆయన ప్యాంటు చూసిండు, ఎక్కండి సార్ అన్నడు.

తొట్లకొండకు నేను, పెద్దోడు మాత్రమే ఎక్కినం. పైన మేం ఇద్దరమే. తొట్లల్ల కొంచెం నీళ్లు ఉండె, ఆకులు పడి ఉండె. మావోడు వంగి, సబ్‌మెరైన్‌ల గూడ తొట్లే, ఇక్కడ గూడ తొట్లే అన్నడు. నాకైతే ఆ మాట తట్టలే.

పాతరాయి
ఆదివారం, సాయంత్రం 5:40

వాడి పేరు మీద నేను ఒక రోమన్ నాణెం బొమ్మ పంపిస్తాను. నిజమైనది కాదు, కంగారుపడకండి.

చిన్నమ్మాయి ప్రశ్నకి నా దగ్గర కూడా జవాబు లేదమ్మా. అవును అని చెప్పండి.

లెక్కల_మాస్టారు
ఆదివారం, సాయంత్రం 6:10

పెద్దావిడ మొత్తం ఎన్ని సార్లు తిరిగారు? లెక్క కావాలి.

హనంకొండ_పిల్ల
ఆదివారం, సాయంత్రం 6:25

శుక్రవారం రెండు సార్లు పోయి వచ్చింది, శనివారం ఒకసారి. అంటే మూడు సార్లు. ఒక్క స్టాపుల దిగలే. మా ఆయన 2:40కి అలారం మోగంగనే ఇగ దిగమ్మా అంటె, పడవలు లెక్కపెడుతున్న, ఆగు అన్నది.

లెక్కల_మాస్టారు
ఆదివారం, సాయంత్రం 6:31

మూడు సార్లు, రానుపోను 32 చొప్పున 96 కిలోమీటర్లు. 250 రూపాయలకి. కిలోమీటరుకి రెండు రూపాయల అరవై పైసలు. ఇందులో దండగ ఎక్కడా కనిపించట్లేదు.

జోడుగుళ్ల_బుల్లోడు
ఆదివారం, రాత్రి 7:15

ఏటక్కా, అన్నీ రాశారు, మురీ మిక్చర్ తిన్నారో లేదో రాయలేదు. ఆర్కే బీచ్‌కి వచ్చి అది తినకుండా ఎల్లిపోతే టికెట్ చెల్లదు.

హనంకొండ_పిల్ల
ఆదివారం, రాత్రి 7:22

తిన్నం తమ్మీ. పొట్లం తీసుకుని పైకి ఎక్కినం, బస్సు కదలంగనే సగం మరమరాలు గాలికి లేసి వెనక సీటోళ్ల మీద పడ్డయి. వాళ్లే, ఘాజీ కథ విన్నోళ్లు. ఏమనలే. నిమ్మకాయ పిండిన ఉల్లిగడ్డ ముక్కలు మాత్రం పొట్లంల నిలబడ్డయి, అవి అత్తమ్మ తిన్నది.

వాల్తేరు_వాసి
ఆదివారం, రాత్రి 8:00

పడవలు ఎన్ని లెక్కపెట్టారమ్మా ఆవిడ?

హనంకొండ_పిల్ల
ఆదివారం, రాత్రి 8:09

అడిగిన. నలభై ఒకటి అన్నది. తర్వాత కొంచెంసేపటికి, అండ్ల కొన్ని రెండుసార్లు లెక్కల పడ్డయేమో, మళ్ల పోయి చూడాలె అన్నది.